పావువంతు నీళ్ళు

ఖాళీ డబ్బా ఎగరదు.
ఎంబీటా రేవులో మొదటిరోజే తెలిసింది మాకు.
అడోయో బలంగానే విసిరింది.
సరస్సు మీంచి వచ్చే గాలి
దాన్ని గిరగిరా తిప్పి
మా కాళ్ళ దగ్గరే పడేసింది.

నేను పడవల మేస్త్రిని.
ముప్పై ఏళ్ళుగా పలకకీ పలకకీ మధ్య పత్తి కూరి
నీళ్ళు లోపలికి రాకుండా చూశాను గానీ
మనిషి బయటికి పడితే ఏమిటని
ఏ పడవకీ ఆలోచించలేదు.

ఒగ్వెనో పడింది నేను కట్టిన పడవలోంచే.
ఒడ్డుకి పన్నెండు బారల దూరం.
ఒమేనా చేపలు ఆరబోస్తూ
పదిహేను మందిమి ఉన్నాం ఒడ్డున.
మునిగేవాడు అరవడని
మాకెవరికీ తెలియదప్పటికి.
ఉన్న కాస్త ఊపిరినీ మాటకి ఖర్చుపెట్టడు.
చెయ్యెత్తితే పలకరిస్తున్నాడనుకుని
నేనూ చెయ్యెత్తాను.

అడోయో అతని అక్క.
రేవులో చేపలు వేయించి అమ్ముతుంది.
నెల తిరక్కుండానే
ఐదు లీటర్ల పసుపు నూనె డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.
ఏం చెప్పాలో తెలీక నీళ్ళు నములుతున్నాను నేను.
"తాడు కట్టు," అంది.

రెండోరోజు నిండా నింపాం. అది బండరాయి.
తల మీద పడితే
మునిగేవాణ్ణి మనమే ముంచినట్టు.
సగం నింపితే అడోయోకి పది బారలు, నాకు పద్నాలుగు,
బడి నుంచి వచ్చి చూస్తూ నిలబడ్డ అపొండికి
నాలుగు.
నేను నా పద్నాలుగు చూసుకుని మురుస్తున్నాను.
"నీ పద్నాలుగు ఎవడిక్కావాలి?
పగటిపూట ఒడ్డున ఉండేది ఇదీ, దీని తమ్ముడూ," అంది అడోయో.
అప్పట్నుంచి కొలబద్ద అపొండి భుజమే.

పావువంతు. ఖచ్చితంగా పావు కూడా కాదు,
డబ్బా మీది కోడిపుంజు బొమ్మకి
కాళ్ళు మునిగేదాకా.
అప్పుడు వెళ్ళింది,
లోపలి నీళ్ళు ముందుకు ఒరిగి
దారి తెలిసినదానిలా.
మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అంటారు గానీ
గడ్డిపోచని గాలికెదురు విసిరి చూడండి ఎవరైనా.
సరస్సు నుంచి మనిషిని అడగాలంటే
సరస్సునే కొంచెం పోసి పంపాలి.

మనిషి మీదికి కాదు, మనిషిని దాటించి విసరాలి.
తాడు భుజాల మీద పడాలి.
భయానికి వేళ్ళు ముడుచుకోవు,
కాబట్టి మోచెయ్యి దూరేంత ఉచ్చు.
నీలం తాడు తేలుతుంది, కానీ నీళ్ళలో నీళ్ళలా ఉంటుంది.
బారకొక ఎర్రగుడ్డ కట్టాం.
ఆ ఎరుపు ఒగ్వెనో చొక్కాది.
ఆ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొదటి మూడూ వారంలో మాయం.
ఒకటి కిరసనాయిలుతో దొరికింది,
ఒకటి మేకలకి నీళ్ళు పోస్తూ.
తప్పు పట్టలేం, ఇక్కడ డబ్బా అంటే డబ్బే.
దేనికీ పనికిరానిదాన్ని తయారుచెయ్యడం
పడవ కట్టడం కన్నా కష్టం.
ఆఖరికి అడోయో అట్లకాడ ఎర్రగా కాల్చి
మూతిని కరిగించి అతికేసింది.
ఇక ఒంపడానికి లేదు, నింపడానికి లేదు.
ఒక్క పనికి తప్ప
ఉత్త దండగ డబ్బా.

ఇప్పుడు పదకొండు గుంజలకి పదకొండు.
పిల్లలు గురిచూసి రాళ్ళు కొడతారు,
నీర్‌కాకులు రెట్టలు వేస్తాయి.

మొన్న తెల్లవారి ఏడో గుంజ దగ్గర
తాడు తడిసి ఉంది. రాత్రి వాన లేదు.
చుట్ట ఎడమచేతివాటం. ముడి నాది కాదు.
రేవులో ఎవరూ నోరు మెదపలేదు.
ఏ ఇంట్లోనూ ఏడుపు లేదు.
"ఏ ఇంట్లోనూ లేదు," అని అడోయో
పెనం దగ్గర నిలబడి ఇంకోసారి అంది.

ఆ ముడి విప్పాను.
లాగితే బిగుసుకుపోయే రకం, వేళకి ఊడి రాదు.
నా ముడి వేశాను.
డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
పావువంతు నీళ్ళు
లోపలే ఉన్నాయి.